స్లోలో ఊగే పికప్ బండి: లోపం ఏ సిలిండర్‌లో ఉందో పట్టుకున్న తీరు

రోడ్డు మీద పరుగెత్తినంతసేపు బండి బాగుంటుంది. న్యూట్రల్‌లో నిలబెట్టి యాక్సిలరేటర్ వదిలేస్తే, అంటే ఇంజన్ స్లోలో ఉంటే మాత్రం గేరు రాడ్ వణుకుతుంది, తలుపుల అద్దాలు గలగలమంటాయి, ఇంజన్ మధ్య మధ్యలో ఒక దెబ్బ మింగేసినట్టు వినిపిస్తుంది. డీజిల్ పికప్ నడిపేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్యే ఇది. ఈ ఒక్క లక్షణానికి అరడజను కారణాలుంటాయి. వాటిలో కొన్ని ఒక వాషరు ధరతో పోతాయి, కొన్ని సీజన్ మిగులంతా తినేస్తాయి. అందుకే మా బండికి వచ్చినప్పుడు ఏం చూశానో, ఏది ఎందుకు పక్కన పెట్టానో దాచుకోకుండా రాస్తున్నాను.

మాది 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్. కామన్ రైల్, అంటే ఎక్కువ ప్రెషర్‌లో డీజిల్‌ను ఒకే ఉమ్మడి గొట్టంలో (రైల్) నిలిపి అక్కడి నుంచి అన్ని సిలిండర్లకూ పంపే రకం. పొగ నిబంధనల్లో బీఎస్-4. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. పలమనేరు చుట్టుపక్కల పల్లెల నుంచి మదనపల్లె మార్కెట్ యార్డుకు టమాటా వేస్తాం. ధర బాగుంటే చెన్నై కోయంబేడుకు కూడా పోతాం. మామిడి కాలంలో బంగారుపాళెం వైపు తిరుగుతుంది. మామిడి లోడుతో మొగిలి ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ ఎక్కడా నీరసపడేది కాదు. పైకొచ్చి టీ బంకు దగ్గర ఆపితే చాలు, ఊగుడు మొదలు. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు అంతగా తెలిసేది కాదు. వేడెక్కాక బాగా తెలిసేది. వేడి మీద ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే అందుకోవడానికి మామూలుకంటే ఎక్కువసేపు తిరిగేది. సైలెన్సర్ నుంచి లేత బూడిద రంగు పొగ, కాలని డీజిల్ వాసన. డాష్‌బోర్డులో చెక్ లైటు మాత్రం వెలగలేదు.

ఈ వివరాలన్నీ రాయడానికి కారణం ఉంది. "బండి ఊగుతోంది" అని మాత్రమే చెబితే ఏ మెకానిక్ అయినా తనకు అలవాటైన జవాబే చెబుతాడు. యార్డులో పక్క బండ్లవాళ్లలో ఒకరు ఇంజన్‌ను మోసే ఫౌండేషన్ రబ్బర్లు పోయాయన్నారు. ఇంకొకరు టైమింగ్ జారిందన్నారు. ట్యాంకులో ఏదో సీసా మందు పోస్తే సరిపోతుందని ఒకరు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మార్చెయ్యమని ఒకరు. అందరూ మంచి మనసుతో చెప్పినవాళ్లే. కానీ ఒక్కో ఇంజెక్టర్ కొత్తది కావాలంటే పదివేల పైమాటే. నాలుగూ మార్చాక కూడా ఊగుడు అలాగే ఉంటే ఆ డబ్బు తిరిగి రాదు. కాబట్టి ఏదీ మార్చకముందే లోపం ఎక్కడుందో తేలాలి అనుకున్నాను.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది, ఊగుడు రబ్బర్ల వల్లా, ఇంజన్‌లో డీజిల్ కాలే తీరు వల్లా అన్నది. రబ్బర్లు పోతే ఇంజన్‌లో డీజిల్ మామూలుగానే కాలుతుంది, ఆ అదురు మాత్రం బాడీకి ఎక్కువగా తగులుతుంది. మీటర్‌లో ఆర్‌పీఎం ముల్లు కదలదు, సైలెన్సర్ చప్పుడు సమంగా వస్తుంది. సిలిండర్ ఒకటి బలహీనమైతే అలా ఉండదు. సైలెన్సర్ గొట్టానికి కాస్త దూరంలో అరచెయ్యి పెట్టి చూశాను. గాలి దెబ్బలు సమంగా తగలడం లేదు. మూడు గట్టిగా, ఒకటి మెత్తగా, మళ్లీ మూడు గట్టిగా. ఆర్‌పీఎం ముల్లు కూడా 800 దగ్గర సన్నగా ఆడుతోంది.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌లో రెండు చుట్లకు ఒకసారి డీజిల్ కాలుతుంది. 800 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 800 చుట్లు, ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు, సెకనుకు ఆరేడు సార్లు. ఒకే సిలిండర్ సరిగా కాలకపోతే సెకనుకు ఆరేడు సార్లు కుదుపు వస్తుంది. గేరు రాడ్ మీద చెయ్యి పెడితే తెలిసే వణుకు సరిగ్గా అదే వేగంలో ఉంది. స్పీడు పెరిగితే ఆ కుదుపులు దగ్గర దగ్గరగా వస్తాయి, ఇంజన్ వెనకుండే బరువైన చక్రం, ఫ్లైవీల్, వాటిని మింగేస్తుంది, పైగా ప్రతిసారీ పడే డీజిల్ కూడా ఎక్కువ. అందుకే ఘాట్ ఎక్కేటప్పుడు ఏమీ తెలియలేదు.

అయినా రబ్బర్లు చూడకుండా వదల్లేదు. బానెట్ తెరిచి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, చక్రాలకు రాళ్లు పెట్టి, మా తమ్ముడితో ఫస్ట్ గేరులో క్లచ్ కొంచెం కొంచెం వదిలించాను. తర్వాత రివర్స్‌లో కూడా. ఇంజన్ ఒకవైపు లేచి పడితే రబ్బరు విడిపోయినట్టు. మాది కొద్దిగా మెత్తబడింది గానీ విడిపోలేదు. ఇలా చూసేటప్పుడు బండికి ముందు గానీ వెనక గానీ ఎవరూ నిలబడకూడదు.

తర్వాత ఈజీఆర్ వాల్వ్. కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వ్ ఇది. మసి పట్టి పూర్తిగా మూసుకోకపోతే స్లోలో సిలిండర్లకు చాలినంత మంచి గాలి అందదు, ఇంజన్ గరుకుగా నడుస్తుంది. మా బండిలో అది వాక్యూమ్‌తో తెరుచుకునే రకం. వాక్యూమ్ పైపు ఊడదీసి మూతపెట్టి నడిపితే మూసుకునే ఉండాలి. అలా నడిపినా మార్పు రాలేదు. వాల్వే మసితో బిగుసుకుని ఉంటే ఈ పరీక్ష చాలదు కాబట్టి విప్పి చూశాను. మసి బాగానే ఉంది. కార్బన్ క్లీనర్‌తో కడిగి, సీటు మీద సరిగ్గా కూర్చుంటోందో లేదో చూసి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించాను. పొగ కొంచెం తగ్గింది, ఊగుడు తగ్గలేదు. దీనికి రేకు ముక్క అడ్డం పెట్టి శాశ్వతంగా మూసేసేవాళ్లున్నారు. నేను ఆ పని చెయ్యను, ఎవరికీ చెప్పను కూడా. అది పొగ తగ్గించడానికి పెట్టిన భాగం, ఆ పొగ మన ఊళ్లోనే మన పిల్లలే పీలుస్తారు.

వేడి మీద స్టార్టింగ్ ఆలస్యమవుతోంది కాబట్టి డీజిల్ దారిలో ఎక్కడైనా గాలి చొరబడుతోందేమో అని అనుమానం వచ్చింది. ఫిల్టర్ నుంచి పంపుకు పోయే పైపు మధ్యలో, లోపల కనిపించే ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి తాత్కాలికంగా కలిపాను. ఇంజన్ నడుస్తుంటే అందులో డీజిల్ మాత్రమే కనిపించాలి. మాకు సన్నటి బుడగలు వరసగా వచ్చాయి. ఫిల్టర్ తలకాయ దగ్గర పైపు కలిసే చోట రబ్బరు రింగు గట్టిపడి చిట్లింది. కొత్తది వేశాక బుడగలు ఆగాయి. వేడి స్టార్టింగ్ కాస్త మెరుగైంది. ఊగుడు మాత్రం అలాగే ఉంది.

ఆ సమయంలోనే ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులోకి కొంచెం పట్టాను. దాన్ని బల్ల మీద పెట్టి టీ తాగి వచ్చేసరికి గ్లాసులో రెండు పొరలు విడిపోయాయి. పైన లేత పసుపు డీజిల్. అడుగున వేలి మందం నీళ్లు, వాటిలో తుప్పు రంగు నలుసులు. గ్లాసు వంచితే డీజిల్ కింద ఆ నీళ్ల పొర ముద్దగా జారుతోంది. అసలు కథ ఇక్కడే ఉందని నాకప్పుడే బలంగా అనిపించింది. కామన్ రైల్ పంపుకూ ఇంజెక్టర్లకూ లూబ్రికేషన్ డీజిలే. లోపల కదిలే భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులే. అక్కడికి నీళ్లు పోతే తుప్పు పడుతుంది, తుప్పు పడితే గీతలు పడతాయి.

అప్పుడు బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే స్కానర్ వంతు వచ్చింది. చెక్ లైటు వెలగలేదు గదా, స్కానర్ ఎందుకని చాలామంది అంటారు. లైటు వెలగడానికి కంప్యూటర్‌లో ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటేదాకా లోపం ఉన్నా లైటు రాదు. కానీ లైవ్ డేటాలో అంకెలు ముందే చెబుతాయి. మా ఊరి మెకానిక్ అన్న దగ్గర మంచి స్కానర్ ఉంది. ఇంజన్ బాగా వేడెక్కాక పెట్టాం. ముందు రైల్ ప్రెషర్ చూశాం. స్లోలో 270 బార్ దగ్గర నిలకడగా ఉంది. కంప్యూటర్ అడిగే ప్రెషరూ, నిజంగా వచ్చే ప్రెషరూ దాదాపు ఒకటే. అంటే హై ప్రెషర్ పంపూ, రైల్ సెన్సరూ బాగున్నట్టే. ప్రెషర్ పైకీ కిందికీ ఊగి ఉంటే నా దారి అక్కడే వేరే వైపు తిరిగేది.

తర్వాత సిలిండర్ల వారీ కరెక్షన్ అంకెలు తెరిచాం. స్లోలో నాలుగు సిలిండర్లూ సమానంగా తిప్పుతున్నాయా లేదా అని క్రాంక్ (సిలిండర్లన్నీ కలిసి తిప్పే ఇరుసు) సెన్సర్ ద్వారా కంప్యూటర్ ఎప్పుడూ గమనిస్తూ ఉంటుంది. ఏ సిలిండర్ దెబ్బకు క్రాంక్ వేగం తగ్గితే దానికి కొంచెం డీజిల్ పెంచుతుంది, గట్టిగా కొట్టేదానికి తగ్గిస్తుంది. ఎంత పెంచిందో, ఎంత తగ్గించిందో మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది. మా బండిలో ఒకటో సిలిండర్ మైనస్ 1.4, రెండోది మైనస్ 0.9, నాలుగోది మైనస్ 1.6. మూడోది ప్లస్ 4.1.

నాలుగు మిల్లీగ్రాములంటే ఏముందిలే అనిపించవచ్చు. లెక్క వేసి చూడండి. ఇలాంటి ఇంజన్ స్లోలో గంటకు సుమారు ముప్పావు లీటరు డీజిల్ తాగుతుంది, అంటే 600 గ్రాముల పైచిలుకు. ఆ గంటలో నాలుగు సిలిండర్లూ కలిపి 96,000 సార్లు కాలతాయి. భాగిస్తే ఒక్కోసారికి పడేది ఆరేడు మిల్లీగ్రాములే. అంటే మూడో సిలిండర్‌కు కంప్యూటర్ మామూలు మోతాదులో సగానికి మించి అదనంగా పంపమంటోంది, అయినా అది మిగతా వాటితో సమంగా కొట్టలేకపోతోంది. ఆ అంకె చూశాక నాలుగు ఇంజెక్టర్లూ మార్చమన్న మాట నా మనసులోంచి పూర్తిగా పోయింది.

అంకెను నమ్ముతూనే చేత్తో కూడా చూసుకున్నాం. ఇంజన్ ఆపి ఒక ఇంజెక్టర్ కనెక్టర్ తీసి, మళ్లీ స్టార్ట్ చేసి విన్నాం. ఇలా ఒక్కోటీ చూశాం. ఒకటో దాని కనెక్టర్ తీస్తే ఇంజన్ ఆగిపోయేలా ఊగింది. రెండు, నాలుగు కూడా అంతే. మూడో దానిది తీస్తే పెద్ద తేడా తెలియలేదు, ముందు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. నడుస్తున్న ఇంజన్‌లో కనెక్టర్ పీకకూడదు. ఆ వైర్లలో బ్యాటరీ 12 వోల్టులకంటే చాలా ఎక్కువ వోల్టేజి వస్తుంది, మనిషికీ కంప్యూటర్‌కూ రెండింటికీ ప్రమాదం. పరీక్ష అయ్యాక కంప్యూటర్‌లో పడిన లోపం కోడ్లను స్కానర్‌తో చెరిపేశాం.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పాత జీపులు, పాత మెకానికల్ పంపు ఇంజన్లు చూసిన పెద్ద మెకానిక్‌లకు ఒక అలవాటు ఉంది. ఇంజన్ నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్టు స్పానర్‌తో కొంచెం వదులు చేసి, ఏ సిలిండర్ కొట్టడం లేదో చెప్పేవారు. ఆ ఇంజన్లలో ఆ పద్ధతి చెల్లింది. కామన్ రైల్‌లో మాత్రం ఆ పని చేస్తే చెయ్యి పోతుంది. స్లోలోనే రెండు మూడు వందల బార్ ఉంటుంది, లోడు మీద 1,600 బార్ దాకా పోతుంది. ఆ ప్రెషర్‌లో సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండరం కుళ్లిపోతుంది. అలా ఎవరికైనా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంజన్ ఆపాక కూడా కాసేపు ఆగాకే ఆ నట్ల మీద స్పానర్ పెట్టాలి.

మూడో సిలిండర్ అని తేలింది. కానీ తప్పు ఇంజెక్టర్‌దా, సిలిండర్‌దేనా? పిస్టన్ రింగులు అరిగినా, వాల్వ్ కాలినా కూడా సిలిండర్‌లో గాలి నొక్కుడు, అంటే కంప్రెషన్, తగ్గి ఇదే లక్షణం వస్తుంది. ఇంజెక్టర్ మార్చాక లోపం కంప్రెషన్‌లో ఉందని తెలిస్తే పెట్టిన డబ్బు వృథా. మదనపల్లెలో డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు బాగుచేసే, మేము ఎప్పుడూ వెళ్లే పంపు షాపు భాయ్‌కి ఫోన్ చేసి అంకెలు చదివి వినిపించాను.

"రిటర్న్ చూశావా తమ్ముడూ?" అన్నాడు.

"ఇంకా లేదు భాయ్."

"అది చూడు. ఆ తర్వాత మూడోదీ ఒకటోదీ అటూ ఇటూ మార్చి చూడు. అంకె దాంతో పాటే పోతే దాన్నొక్కదాన్నే తీసుకురా. పోకపోతే నా దగ్గరికి రావద్దు, ఇంజన్ పని చేసేవాళ్ల దగ్గరికి పో."

తన షాపుకు వచ్చే పనిని వద్దనుకుని అంత సూటిగా దారి చెప్పిన మనిషి మీద నాకున్న గౌరవం ఇంకా పెరిగింది.

రిటర్న్ పరీక్ష ఇంట్లోనే చెయ్యొచ్చు. ప్రతి ఇంజెక్టర్ తనకొచ్చిన డీజిల్‌లో కొంత వెనక్కి వదులుతుంది, అది సన్నటి పైపుల్లో ట్యాంకుకు తిరిగిపోతుంది. లోపలి వాల్వ్ అరిగితే ఆ వెనక్కి వచ్చేది పెరుగుతుంది. ఆ పైపులు తీసేసి, వాటి బదులు ఒకే పొడవు ప్లాస్టిక్ పైపులు నాలుగు తగిలించి, నాలుగు ఒకేలాంటి నీళ్ల సీసాల్లోకి వదిలాను. ట్యాంకు వైపు పోయే పైపుకు మూతపెట్టాను. ఇంజన్ స్లోలో నడుస్తుంటే సీసాలు నిండడం పక్కనే నిలబడి చూశాను. ఒకటి, నాలుగు సమంగా ఉన్నాయి. రెండోది వాటికంటే కొంచెం ఎక్కువ. మూడోది మాత్రం వాటి మట్టానికి రెట్టింపు దాటింది. వేడి మీద స్టార్టింగ్ ఎందుకు ఆలస్యమయ్యేదో కూడా అక్కడే అర్థమైంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు పంపు వేగం తక్కువ, ఆ వచ్చే కాస్త ప్రెషర్ మూడో ఇంజెక్టర్ గుండా వెనక్కి పోతోంది. వేడి డీజిల్ పలచగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువగా పోతుంది.

ఇక అటూ ఇటూ మార్చే పని. యార్డు దుమ్ములో చేసే పని కాదిది. షెడ్డులో నేల తడిపి, ఇంజన్ పైభాగం డీజిల్ బ్రష్‌తో కడిగి, గాలి కొట్టి, ఆ తర్వాతే మొదటి పైపు విప్పాం. విప్పిన ప్రతి మూతికీ వెంటనే శుభ్రమైన ప్లాస్టిక్ మూత పెట్టాం. కంటికి కనిపించని ఇసుక రేణువు ఒకటి లోపలికి పోయినా మళ్లీ ఇంజెక్టరే పోతుంది.

ఒకటోది సులువుగానే వచ్చింది. మూడోది రాలేదు. చుట్టూ తారులాంటి నల్లటి కార్బన్ గట్టిపడి ఉంది. నూనె పోసి నానబెట్టి, అటూ ఇటూ తిప్పుతూ, మెల్లగా పైకి లాగాల్సి వచ్చింది. దాని అడుగున ఉండే కాపర్ వాషర్ ఇంజెక్టర్‌తో రాలేదు, రంధ్రం అడుగునే ఉండిపోయింది. దాన్ని వైరు కొక్కెంతో తీసి గుడ్డతో తుడిచి చూశాను. ఒక పక్క రాగి రంగు మెరుస్తోంది. ఇంకో పక్క లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా నల్లటి చార, ఆ చార వెంట లోహం కొంచెం తినేసి ఉంది. సిలిండర్‌లోని మంట సెగ ఆ సందులోంచి పైకి వస్తూ ఉండేదన్నమాట. ఇంతకుముందు ఎవరో ఇంజెక్టర్ తీసినప్పుడు పాత వాషర్‌నే మళ్లీ వేసినట్టుంది. ఆ వాషర్ ధర చాలా తక్కువ. నలిగిన రాగి మళ్లీ అదే చోట అంత గట్టిగా అతుక్కోదు, అందుకే విప్పిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి.

వాషర్ కూర్చునే సీటును రీమర్ అనే గీకే పనిముట్టుతో మెల్లగా శుభ్రం చేసి, పొడిని వాక్యూమ్‌తో లాగి, రెండు చోట్లా కొత్త వాషర్లు వేసి, ఇంజెక్టర్లు అటుదిటు మార్చి, క్లాంపులు టార్క్ రెంచ్‌తో బిగించాం. ఇంకో ముఖ్యమైన పని మిగిలింది. ప్రతి ఇంజెక్టర్ తల మీద అక్షరాలు, అంకెలతో ఒక కోడ్ చెక్కి ఉంటుంది. ఏ ఇంజెక్టర్ ఎంత తేడాతో డీజిల్ వదులుతుందో కంప్యూటర్‌కు చెప్పే గుర్తు అది. చోటు మారితే స్కానర్‌లో కోడ్ కూడా మార్చాలి. ఈ పని చెయ్యకుండా వదిలేస్తే, మంచి ఇంజెక్టర్ వేసినా స్లో సరిగా కుదరదు. చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్‌ను గట్టిపడేదాకా నొక్కి, సెల్ఫ్ కొట్టాం. రైల్‌లో దాదాపు 200 బార్ ఎక్కేదాకా అందుకోదు కాబట్టి కంగారుపడలేదు. అందుకుంది.

వేడెక్కాక అంకెలు తెరిచాం. మూడో సిలిండర్ మైనస్‌లోకి వచ్చింది. ఒకటోది ప్లస్ నాలుగు దాటింది. ఊగుడు ఇంజెక్టర్‌తో పాటే నడిచి వెళ్లింది. మూడో సిలిండర్ కంప్రెషన్ బాగుందని, రింగులు, వాల్వులు ముట్టుకోనక్కర్లేదని ఆ ఒక్క అంకెతో తేలిపోయింది. కొత్త వాషర్ వేసినా లోపం పోలేదు కాబట్టి వాషర్ ఒక్కటే కారణం కాదని కూడా అర్థమైంది. నాకు ఆ క్షణంలో కలిగిన సంతోషం మామూలుది కాదు. చాలా రోజులుగా గుండెల మీదున్న టెన్షన్ ఒక్కసారిగా దిగింది.

ఆ ఇంజెక్టర్‌ను శుభ్రమైన కవర్లో చుట్టి మదనపల్లె తీసుకెళ్లాను. భాయ్ దాన్ని టెస్ట్ బెంచ్ మీద ఎక్కించాడు. లీకేజి, ఫుల్ లోడు, స్లో, అసలు దెబ్బకు ముందు పడే చిన్న ప్రీ ఇంజెక్షన్, ఇలా ఒక్కో దశలో ఎంత పోస్తోందో కొలిచాడు. ఫుల్ లోడులో హద్దుకు కొంచెం లోపలే ఉంది. స్లోలో పోయాల్సిన దాంట్లో సగమే. ప్రీ ఇంజెక్షన్ దాదాపు లేనట్టే. ఘాట్ ఎక్కేటప్పుడు బాగుండి, నిలబడితే ఊగడానికి ఇంతకంటే స్పష్టమైన జవాబు ఉండదు. తర్వాత విప్పి మైక్రోస్కోప్ కింద పెట్టి నన్ను పిలిచాడు. లోపల ఆవగింజకంటే చిన్న ఉక్కు బంతి ఒకటి ఉంటుంది, అది కూర్చునే చోటే డీజిల్‌ను ఆపాలి. ఆ గుండ్రటి అంచు మీద ఒకచోట గోధుమ రంగు తుప్పు మరక, దాని పక్కనే సన్నటి గీత కనిపించాయి. నాజిల్ కొన రంధ్రాల్లో ఒకటి కార్బన్‌తో సగం మూసుకుంది. తుప్పు నీళ్ల వల్ల, కార్బన్ ఆ వాషర్ సందులోంచి వచ్చిన సెగ వల్ల అని భాయ్ అన్నాడు. నాకూ అదే సరైన మాట అనిపించింది.

వాల్వ్ సెట్, నాజిల్ అసలు కంపెనీవే వేయించాను. నకిలీవి సగం ధరకు దొరుకుతాయి గానీ, మైక్రాన్ల పనిలో నకిలీ సామాను మీద నాకు నమ్మకం లేదు. బెంచ్ మీద మళ్లీ అన్ని దశలూ హద్దుల్లోకి వచ్చాక రిపోర్టు ప్రింటు తీసి ఇచ్చాడు, కొత్త కోడ్ కూడా రాసి ఇచ్చాడు. కొత్త ఇంజెక్టర్ ధరలో సగంకంటే తక్కువకే పని అయింది. షాపుకు వెళ్లేవాళ్లు ఆ రిపోర్టు తప్పకుండా అడిగి తీసుకోండి. మంచి షాపువాళ్లు అడగకముందే ఇస్తారు.

బిగించే ముందు ట్యాంకు దించాను. అడుగున నీళ్లూ, మడ్డీ ఉన్నాయి. ట్యాంకు మూత రబ్బరు పగిలి ఉంది. వానల్లో టార్పాలిన్ మీంచి కారే నీళ్లు సరిగ్గా ఆ మూత మీదే పడతాయి. సగం ఖాళీ ట్యాంకుతో రాత్రంతా నిలబెడితే లోపలి తేమ కూడా నీరుగా మారుతుంది. ట్యాంకు కడిగించి, మూత మార్చి, కొత్త ఫిల్టర్ వేసి, ఆ తర్వాతే ఇంజెక్టర్ బిగించాం. ఇది చెయ్యకుండా ఇంజెక్టర్ ఒక్కటే బాగుచేయిస్తే అదే నీళ్లు మళ్లీ దానిలోకే పోతాయి.

ఇప్పుడు వేడి మీద స్లోలో నాలుగు అంకెలూ ఒకటికి లోపలే ఉన్నాయి. సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే దెబ్బలు సమంగా తగులుతాయి, వేడి స్టార్టింగ్ వెంటనే అందుకుంటోంది, డీజిల్ వాసన పోయింది. ఫిల్టర్ డ్రెయిన్ వారానికోసారి వదిలి గ్లాసులో చూస్తున్నాను. వానాకాలంలో ఇంకా తొందరగా చూస్తాను. రాత్రి బండి పెట్టేముందే ట్యాంకు నింపేస్తున్నాం. రిటర్న్ పరీక్షలో రెండో ఇంజెక్టర్ సీసా మిగతావాటికంటే కొంచెం ఎక్కువ నిండింది గదా, దాని కరెక్షన్ ఇప్పుడు ప్లస్ 0.8 ఉంది. హద్దులోనే ఉంది కాబట్టి ముట్టుకోలేదు. వచ్చే ఆయిల్ మార్పిడికి మళ్లీ స్కానర్ పెట్టి చూడాలని, ఆ అంకెను సర్వీసు పుస్తకంలో తేదీతో రాసిపెట్టాను.